ఆర్టిచోక్: అపోహలు, వాస్తవాలు

అమెరికాలో పండి అమ్మకానికి వచ్చే ఆర్టిచోకులు దాదాపు అన్నీ కాలిఫోర్నియావే. శాన్ హోసే నుంచి దక్షిణంగా గంటసేపు కారులో వెళితే కాస్ట్రోవిల్ వస్తుంది. ఆ ఊరి చుట్టూ పొలాల నిండా ఈ పంటే. మార్చి నుంచి మే దాకా అంగళ్లలో కుప్పలుగా పోసి ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో వచ్చి, నలుగురు కలిసి ఇల్లు అద్దెకు తీసుకుని, వంతులవారీగా వండుకునే మన పిల్లలు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, మళ్లీ అక్కడే పెట్టేస్తారు. వాళ్లు చెప్పే కారణాల్లో చాలావరకు నిజం లేదు.

అపోహ: ఇది క్యాబేజీ లాంటిదే, తరిగి కూర వండుకోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ఇది. ఆర్టిచోక్ ఇంకా విచ్చుకోని పువ్వు మొగ్గ. పొద్దుతిరుగుడు, చామంతి, కుసుమ ఉన్న కుటుంబంలోదే ఈ మొక్క. కోయకుండా వదిలేస్తే మొగ్గ విచ్చుకుని ఊదారంగు పువ్వు పూస్తుంది. మనకు ఆకుల్లా కనిపించేవి ఆ పువ్వుకు కాపలాగా ఉన్న రేకులు. బయటి వరసల్లోని రేకుల పైభాగం అంతా పీచు. గంటలకొద్దీ ఉడికించినా అది మెత్తబడదు. సన్నగా తరిగి పోపులో వేస్తే నోట్లో పీచే మిగులుతుంది. అలా ఒకసారి వండుకున్నవాళ్లు మళ్లీ దాని జోలికి పోరు. తప్పు మొగ్గది కాదు, కోతది.

తినాల్సింది రేకు మొదట్లో అంటుకుని ఉన్న గుజ్జు. మునక్కాయ ముక్కను ఎలా తింటామో దీన్నీ అలాగే తినాలి. ఉడికిన మొగ్గ నుంచి ఒక్కొక్క రేకూ తుంచి, మొదలును నెయ్యి లాంటిదానిలో ముంచుకుని, పళ్ల మధ్య పెట్టి లాగాలి. గుజ్జు నోట్లోకి వస్తుంది, పిప్పి పళ్లెంలోకి పోతుంది. లోపలికి వెళ్లేకొద్దీ రేకులు లేతబడి, గుజ్జు పెరుగుతుంది. అడుగున చిన్న గిన్నె ఆకారంలో ఉండే మెత్తటి భాగమే దీని గుండె. అంతసేపూ తుంచుతూ కూర్చున్నది దానికోసమే. కాడను కూడా చాలామంది కోసి పారేస్తారు. కాడ లోపలి భాగం ఆ గుండెకు కొనసాగింపే. పైతొక్క చెక్కేస్తే అదీ అంతే రుచిగా ఉంటుంది.

అపోహ: మధ్యలో ఉండే నూగు విషం.

విషం కాదు. ముందుముందు పువ్వుగా విచ్చుకోవాల్సిన సన్నటి పోగులే అవి. కాకపోతే గొంతులో గుచ్చుకుని ఇబ్బంది పెడతాయి కాబట్టి తినకూడదు. ఉడికాక చెంచాతో గీకితే సులువుగా వచ్చేస్తాయి.

‘బేబీ’ ఆర్టిచోకులు అనే పేరుతో అమ్మే చిన్నవాటిలో ఈ నూగు దాదాపు ఉండదు. అవి పచ్చి పిందెలు అనుకోవడం మరో పొరపాటు. మొక్క కింది భాగంలో, పెద్ద ఆకుల నీడలో పెరగడం వల్ల పరిమాణం పెరగని మొగ్గలు అవి. బయటి రేకులు నాలుగు వరసలు ఒలిచేస్తే మిగిలినదంతా తినేయవచ్చు. తరిగి వెల్లుల్లి, ఎండుమిరప పోపులో వేయాలని ఉంటే ఇవే కొనండి. ఈ చిన్న మొగ్గలకు న్యూయార్క్ చరిత్రలో కూడా చోటుంది. సిరో టెర్రనోవా అనే మాఫియా నాయకుడు వీటి వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకుని బెదిరింపులతో ధరలు పెంచేస్తుంటే, మేయర్ ఫియోరెల్లో లగార్డియా 1935 డిసెంబరులో నగరంలో వీటి అమ్మకాన్నే నిషేధించారు. కొద్ది రోజులకే ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

అపోహ: వండటం చెఫ్‌లకే చేతనవుతుంది.

అన్నం వండటం వచ్చినవాళ్లకు ఇదీ వస్తుంది. పైనుంచి ఒక అంగుళం మేర కోసేయాలి. మిగిలిన రేకుల కొసల్లో ముళ్లుంటే కత్తెరతో కత్తిరించాలి. కోసిన చోట వెంటనే నిమ్మచెక్క రుద్దాలి, లేకపోతే గాలి తగిలి నల్లబడుతుంది. ఆవిరి మీద పెద్ద మొగ్గకు 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. కుక్కర్‌లో అడుగున నీళ్లు పోసి, పైన చిల్లుల పళ్లెం మీద పెడితే ప్రెషర్ వచ్చాక 10, 15 నిమిషాలు చాలు. మధ్య వరసలోని రేకు పట్టి లాగగానే ఊడి వస్తే ఉడికినట్టే. ఇనుప మూకుడు, అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు. ఆ లోహాలు తగిలితే మొగ్గ రంగు మారిపోతుంది. స్టీలు గిన్నె వాడండి. అసలు ఉడికించి తీరాలనే నియమం కూడా లేదు. ఇటలీలో లేత మొగ్గ గుండెను పచ్చిదే పల్చగా తరిగి, నిమ్మరసం, ఆలివ్ నూనె, చీజ్‌తో తింటారు.

అపోహ: గోధుమరంగు మచ్చలుంటే కుళ్లిపోయినట్టు.

చలికాలంలో మంచు సోకితే పైరేకుల మీద అలాంటి పొర ఏర్పడుతుంది. రైతులు ఆ మొగ్గలే ఎక్కువ రుచి అంటారు. చూడాల్సింది బరువు. చేతికి బరువుగా తగలాలి, నొక్కితే రేకులు కీచుమనాలి. విచ్చుకుపోయి, తేలికగా, మెత్తగా ఉన్నది పాతది.

అపోహ: ఖర్చెక్కువ, కడుపు నిండదు, నలుగురికి చాలదు.

ఇది అన్నంలో కలుపుకునే కూర కాదు. వంట పూర్తయ్యేలోగా అందరూ చుట్టూ కూర్చుని తినే చిరుతిండి. నలుగురికి రెండు పెద్దవి చాలు. వేగంగా తినడం ఎవరివల్లా కాదు, ఫోను పట్టుకుని తినడం అంతకన్నా కుదరదు. ఒక ఇంట్లో ఉంటూ వేరువేరు వేళల్లో తినే నలుగురిని అరగంట ఒకచోట కూర్చోబెట్టగల కూరగాయ మరొకటి నాకు తెలియదు. ముంచుకోవడానికి అక్కడివాళ్లు కరిగించిన వెన్నో మయొనైజో పెట్టుకుంటారు. మనకు నెయ్యి ఉంది. వేడి నెయ్యిలో వెల్లుల్లి కారం కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి చూడండి. వెన్న దీని ముందు చప్పగా అనిపిస్తుంది. గుండెను మాత్రం సమానంగా పంచుకోండి. తుంచిన పిప్పిని సింక్ గ్రైండర్‌లో అస్సలు వేయకండి. ఆ పీచు చుట్టుకుని అది ఆగిపోతుంది, బాగుచేయించే బిల్లు అందరి మీదా పడుతుంది. కంపోస్ట్ డబ్బాలో వేయాలి.

తిన్నాక మంచినీళ్లు కొందరికి తియ్యగా అనిపిస్తాయి. నీళ్లలో ఏదో కలిసిందని భయపడక్కర్లేదు. ఆర్టిచోక్‌లోని సైనరిన్ వంటి పదార్థాలు నాలుక మీద చేసే పని అది. శాస్త్రవేత్త లిండా బార్టోషుక్ బృందం 1972లోనే దీన్ని పరీక్షించి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించింది.

అపోహ: కాలేయాన్ని కడిగేస్తుంది.

కాలేయాన్ని ఏ కూరగాయా కడగదు. కొలెస్ట్రాల్ మీద జరిగిన పరిశోధనల్లో వాడింది ఎక్కువగా మొక్క ఆకుల నుంచి తీసిన సారాన్ని. కనిపించిన ఫలితం కూడా స్వల్పమే. దాన్ని పళ్లెంలోని మొగ్గకు అంటగట్టడం సరికాదు. దీనికున్న అసలైన మేలు పీచు: మధ్యరకం మొగ్గ ఒకదానిలో 60 కేలరీలే ఉంటాయి, పీచు మాత్రం 7 గ్రాముల దాకా ఉంటుంది. అందులో ఇన్యులిన్ అనే రకం పీచు ఎక్కువ కాబట్టి కొందరికి కడుపు ఉబ్బరం చేస్తుంది. పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు, చామంతి జాతి మొక్కలు పడనివాళ్లు ముందుగా వైద్యులను అడగాలి. మిగతావాళ్లు మొదటిరోజు సగం మొగ్గతో మొదలుపెడితే చాలు.