దారి లేని చోట నడిచే బండి

"కారు కొనే స్తోమత లేని మనకు కార్ల మీద వ్యాసం ఎందుకు?" అని మిత్రులు అడగవచ్చు. యంత్రం కొన్నవాడి సొత్తే కావచ్చు, దాని వెనుక ఉన్న విజ్ఞానం మాత్రం అందరిదీ. అందుకే బురదలో, ఇసుకలో, రాళ్ళ మీద నడిపే 'ఆఫ్‌రోడ్' బండిని ఎలా సిద్ధం చేస్తారో తెలుసుకుందాం.

ఈ బండ్లన్నింటికీ పెద్దన్న జీపు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ 1941 నుండి దీన్ని తయారుచేసింది. మామూలు కారులో ఇంజను శక్తి రెండు చక్రాలకే అందుతుంది. జీపులో అవసరమైనప్పుడు నాలుగింటికీ అందుతుంది. ఒక జత జారినా మరో జత లాగుతుంది.

బండి అడుగుకూ నేలకూ మధ్య ఉండే ఖాళీని గ్రౌండ్ క్లియరెన్స్ అంటారు. ముందు బంపరు తగలకుండా ఎక్కగలిగే గట్టు వాలును అప్రోచ్ యాంగిల్ అంటారు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌లో ఇవి 226 మిల్లీమీటర్లు, 41.8 డిగ్రీలు.

బండికి హంగులు చేయాలనుకునేవారు మొదట చూడవలసినవి లైట్లు కావు, టైర్లు. ఇసుకలోకి దిగేముందు టైర్లలో గాలి కొంత తీసేస్తారు. అప్పుడు టైరు నేల మీద ఎక్కువ మేర పరుచుకుంటుంది. అదే బరువు ఎక్కువ వైశాల్యం మీద పడితే పీడనం తగ్గుతుంది, చక్రం కూరుకుపోదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. బడి గడప తొక్కని మా నాన్నకు కూడా దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరుకు కేజ్ వీల్స్ ఎందుకు బిగించాలో తెలుసు. సూత్రం ఒక్కటే, నేర్చుకున్న చోటే వేరు. అయితే తిరిగి రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవాలి, లేకపోతే టైరు వేడెక్కి పేలవచ్చు. అందుకే చిన్న కంప్రెసరు వెంట ఉండాలి.

రెండవది, చిక్కుకున్న బండిని బయటికి లాగే సామగ్రి. ఛాసిస్‌కు గట్టిగా బిగించిన కొక్కెం, బండి బరువుకు తగిన పట్టీ తప్పనిసరి. ట్రెయిలరు తగిలించే గుండుకు కట్టి లాగితే అది విరిగి దూసుకొచ్చి ప్రాణం తీయగలదు. లాగేటప్పుడు చుట్టూ ఎవరూ నిలబడకూడదు. అన్నింటికన్నా ముఖ్యం, ఒంటరిగా వెళ్ళకూడదు.

చట్టాన్ని కూడా మరువరాదు. తయారీదారు నిర్దేశించిన మూలరూపానికి విరుద్ధంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు చెప్పింది. దివ్యాంగుల కోసం చేసే మార్పులకు మాత్రం చట్టమే వీలు కల్పించింది.

బండిని ఎత్తు పెంచేవారు కొందరైతే, నేలకు ఆనేంతగా దించేవారు మరికొందరు. అమెరికాలో మెక్సికన్ మూలాలున్న యువకులు పాత కార్లను కిందికి దించి, రంగులద్ది, వీధుల్లో నెమ్మదిగా ఊరేగించేవారు. వాటిని లోరైడర్లు అంటారు. బండి అడుగు చక్రం రిమ్ము కంటే కిందికి దిగరాదని కాలిఫోర్నియా 1950ల చివర్లో చట్టం తెచ్చింది. వాళ్ళు హైడ్రాలిక్ పంపులు బిగించి, మీట నొక్కితే లేచేలా, దిగేలా చేశారు. ఆ నిబంధన 2024 జనవరి 1న రద్దయింది. ఎవరూ గౌరవంగా చూడని వీధిలో తలెత్తుకు తిరగడానికి వారు ఎంచుకున్న మార్గం అది. ఆ బాధ ఎలాంటిదో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

మన హైదరాబాదులోనే, బహదూర్‌పురాలో, కె. సుధాకర్ 2010లో తెరిచిన సుధా కార్ల మ్యూజియంలో బూటు, క్రికెట్ బ్యాటు, బర్గరు ఆకారాల్లో నడిచే బండ్లున్నాయి. వాటికి చాలావరకు ముడిసరుకు పాత ఇనుప సామానే.

కాబట్టి ఒక వింత బండి కనబడితే నవ్వే ముందు "దీన్ని ఏ అవసరానికి చేశారు?" అని అడుగుదాం. కొండ ఎక్కడానికా, కాళ్ళు సహకరించనివారు చేత్తో బ్రేకు వేయడానికా, పదిమందిలో తలెత్తుకోవడానికా? జవాబు తెలిస్తే ఆ పనివాడి చేతికి నమస్కరించాలనిపిస్తుంది. తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మెకానిక్ షెడ్డును చిన్నచూపు చూడకండి. మన భౌతికశాస్త్రానికి అది కూడా ఒక ప్రయోగశాలే.