అండమాన్‌లో రెండో వరస నాయకులు ఎందుకు ఎదగడం లేదు?

1977 నుంచి 2024 దాకా అండమాన్ నికోబార్ దీవుల్లో లోక్‌సభకు 13 సార్లు ఎన్నికలు జరిగాయి. కాంగ్రెస్ తరఫున మనోరంజన్ భక్తా ఎనిమిదిసార్లు, బీజేపీ తరఫున బిష్ణు పద రే నాలుగుసార్లు గెలిచారు. మూడో మనిషికి దక్కింది ఒక్క గెలుపే. జనం మధ్య తిరిగి పనిచేయనిదే ఎవరూ అన్నిసార్లు గెలవరు, ఆ గౌరవం ఇద్దరికీ ఇవ్వాల్సిందే. అయినా ఇంతకాలంలో రెండు పెద్ద పార్టీలూ తర్వాతి తరాన్ని ఎందుకు నిలబెట్టుకోలేకపోయాయి? నాయకుడు కావాలనుకున్నవాడు నోరు విప్పి, ఎదుటివాళ్ల వాదనను తట్టుకుని నెగ్గాల్సిన చట్టసభ ఆ దీవుల్లో లేకపోవడమే ప్రధాన కారణమని నా నమ్మకం.

అండమాన్‌కు శాసనసభ లేదు, రాజ్యసభలో సీటూ లేదు. లెఫ్టినెంట్ గవర్నర్ ద్వారా కేంద్రమే పాలిస్తుంది. తొలి ఎంపీ బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను 1952లో రాష్ట్రపతి నామినేట్ చేశారు. ఓటేసి ఎంపీని ఎన్నుకునే హక్కు అక్కడి ప్రజలకు 1967లో గానీ రాలేదు. ఇప్పటికీ ఏడు వందల కిలోమీటర్లకు పైగా పరుచుకున్న దీవులన్నిటికీ ఆ ఒక్క ఎంపీయే గొంతు. లోక్‌సభ చర్చల్లో సమయాన్ని పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. కాబట్టి ఓడల సంగతైనా, భూమి సంగతైనా ఆయన జీరో అవర్‌లోనో, 377వ నిబంధన కిందనో కొద్ది మాటల్లో చెప్పి కూర్చోవాలి. అంతకంటే పెద్ద లోటు ఇంకొకటుంది. ఆయన చెప్పింది తప్పైతే, అదే దీవుల నుంచి వచ్చి ‘అది నిజం కాదు’ అని లేచి నిలబడే ప్రతిపక్ష సభ్యుడు ఆ సభలో ఉండడు. ఎదురు వాదన లేని చోట మంచి వక్త ఎవరో, విషయం తెలిసినవాడెవరో ఓటరుకు తెలిసే దారేది?

తెలుగు పాఠకులకు ఈ తేడా చెప్పకుండానే తెలుసు. చంద్రబాబు నాయుడు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఇద్దరూ 1978లోనే శాసనసభలో అడుగుపెట్టారు. 1999 నుంచి 2004 దాకా ఒకరు ముఖ్యమంత్రిగా, ఒకరు ప్రతిపక్ష నేతగా అదే సభలో తలపడ్డారు. 2004లో ఓటర్లు రాజశేఖరరెడ్డిని ఎన్నుకునేనాటికి ఆయన అధికార పక్షాన్ని ఎలా నిలదీస్తారో అయిదేళ్లుగా చూసి ఉన్నారు. 1995లో తెలుగుదేశం నాయకత్వం మారింది ప్రసంగాల వల్ల కాదు, ఎమ్మెల్యేల లెక్కతో కదా అని ఎవరైనా అడగొచ్చు. నిజమే. కానీ ఆ లెక్క తేలడానికైనా ఒక సభ ఉంది.

అండమాన్‌లో ఆ సభ లేనందున వారసత్వం గుడ్డిగా సాగుతోంది. భక్తా తర్వాత కాంగ్రెస్ కుల్‌దీప్ రాయ్ శర్మను నిలిపితే ఆయన 2009లో, 2014లో ఓడి, 2019లో 1,407 ఓట్ల తేడాతో బయటపడ్డారు. అదే 2019లో బీజేపీ రేను పక్కనపెట్టి విశాల్ జాలీకి టికెట్ ఇచ్చింది. ఓడిపోయేసరికి 2024లో మళ్లీ పాత నాయకుడి దగ్గరికే వెళ్లింది. ఆయన 24 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు. కొత్త మనిషి ఒక్క ఓటమితో పక్కకు పోవడానికి కారణం, ఓడినవాడు పనిచేస్తూ కనిపించే మరో సభ లేకపోవడం. శాసనసభ లేని లక్షద్వీప్‌దీ ఇదే దారి. పి.ఎం. సయీద్ 1967 నుంచి వరుసగా పదిసార్లు గెలిచారు. 2009లో కాంగ్రెస్ ఆయన కొడుకును నిలిపి గెలిపించుకుంది.

నాలుగు లక్షల లోపు జనాభాకు శాసనసభ ఎందుకన్నది బలమైన అభ్యంతరమే. కానీ 1975లో రాష్ట్రమయ్యేనాటికి సిక్కిం జనాభా దాదాపు రెండు లక్షలే, అక్కడ 32 సీట్ల సభ ఉంది. దేశ భద్రత మాట అంటారా, అరుణాచల్ ప్రదేశ్‌కు సరిహద్దులో కేంద్రపాలిత ప్రాంతంగా ఉన్నప్పుడే శాసనసభ వచ్చింది. మునిసిపాలిటీ ఉంది కదా అంటే, పోర్ట్‌బ్లెయిర్ పురపాలక సంఘం నిజంగానే కొంత ఆశ చూపించింది. 2022లో 24 వార్డుల్లో కాంగ్రెస్, బీజేపీ చెరి పది గెలిస్తే తెలుగుదేశానికి రెండు వచ్చాయి. 2023లో బీజేపీ మద్దతుతో తెలుగుదేశం సభ్యురాలు సెల్వి చైర్‌పర్సన్ అయ్యారు. చిన్న సభ ఉన్నా కొత్త ముఖం పైకి వస్తుందనడానికి ఇది రుజువు. అయితే కాలువలు, మంచినీళ్ల మీద చర్చించే కౌన్సిల్‌కు పోలీసుల మీద, భూమి మీద, ఓడల మీద అధికారం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. 2024లో లోక్‌సభకు 16 మందిని పంపి కేంద్ర ప్రభుత్వంలో భాగమైన తెలుగుదేశానికి అక్కడ శాఖ కూడా ఉంది. అండమాన్‌కు చిన్నదైనా సరే, ఎన్నికైన శాసనసభ కావాలని ఆ పదహారు మందిలో ఒక్కరైనా లోక్‌సభలో లేచి అడగాలి.