టీషర్టుల వర్తకము: మా యనుభవములు

గృహకృత్యములన్నియు ముగిసిన పిదప గృహిణికి మిగులు కాలమెంతయని యడిగినచో, మధ్యాహ్న భోజనములైనది మొదలు బిడ్డలు బడినుండి వచ్చువరకు గల రెండు మూడు గంటలే యని చెప్పవలసియుండును. ఆ కాలమునే మూలధనముగా జేసికొని మేము నాలుగేండ్లుగా నొక చిన్న వర్తకమును నడుపుచున్నాము. మేమనగా నీ వ్యాసము వ్రాయుచున్న ఉపాధ్యాయుని యిల్లాలును, ఆమె తోడికోడలును. సరకు టీషర్టులు. మాకు దుకాణము లేదు, పనివారు లేరు. పడమటింటి ప్రక్కగదిలో నొక బల్లయు, నొక బీరువాయు, నొక కంప్యూటరును మాత్రమున్నవి. ఈ పత్రిక చదువు సోదరీమణులలో నిట్టి పని తలపెట్టువారు కొందరుండవచ్చునని యెంచి, మాకు గలిగిన లాభమును నష్టమును దాచక విన్నవించుచున్నాము.

మొట్టమొదట మా అత్తగారు మా ప్రయత్నమునకు సమ్మతింపలేదు. “పంతులుగారి యింటి కోడండ్రు బనీనులమ్ముకొందురా!” యని యామె యాక్షేపణ. ఆ మాటలో సత్యము లేకపోలేదు. టీషర్టు పుట్టుకచే బనీనే. ఇరువదవ శతాబ్ది యారంభమున అమెరికా నౌకాదళమువారు పైచొక్కా లోపల ధరించిన యంగీ యిది. పరచియుంచినప్పుడు ‘టీ’ యను నాంగ్లాక్షరమును బోలియుండుటచే దీనికీ పేరు వచ్చినది. లోపల దాగియుండవలసిన వస్త్రము క్రమముగా పైకి వచ్చి, నేడు రొమ్ముపై బొమ్మను, మాటను మోయుచున్నది.

మాలో నొకరిని తండ్రిగారు బడికి పంపక యింటనే భారత భాగవతములును, అమరమును చదివించిరి. రెండవవారు పెడనలో కలంకారీ అద్దకమును చూచుచు పెరిగి, చిత్రలేఖనము నేర్చినవారు. ఈ రెండు విద్యలును వర్తకమునకేమి యక్కరకు వచ్చునని నవ్వినవారు గలరు. కాని తెలుగు మాటలుగల చొక్కాలు కావలెనని కోరు పిల్లలు కనబడుచుండగా, ఆ మాటలను తప్పులు లేక వ్రాసి, ముచ్చటగా నమర్చియిచ్చువారు మా చుట్టుప్రక్కల కనబడలేదు. ఒకరికి మాటలు, ఒకరికి బొమ్మలు అని పని పంచుకొంటిమి. ఇద్దరము కట్టిన చీటీ పాడగా వచ్చిన 40,000 రూపాయలు పెట్టుబడియైనది.

పెడన యద్దకము నెరిగినవారికి టీషర్టు అద్దకము క్రొత్తది కాదు. అచట కరక్కాయ రసమున నానబెట్టిన గుడ్డపై, ఇనుపతుక్కును బెల్లముతో పులియబెట్టి తీసిన నల్లనీటిని టేకు అచ్చుతో నద్దుదురు. రంగు మారినచో అచ్చు మారును. ఇచట అచ్చునకు బదులు తెర యుండును. చట్రమునకు బిగించిన సన్నని వలగుడ్డపై, వెలుగు సోకినచో గట్టిపడు లేపనమును పూయుదురు. బొమ్మ ముద్రించిన పారదర్శకపు కాగితమును దానిపైనుంచి దీపపు వెలుగు చూపుదురు. బొమ్మ నీడపడినచోట లేపనము మెత్తగానేయుండి నీళ్లతో కడుగగా పోవును. తక్కినచోట నిలిచిపోవును. ఆ తెరను చొక్కాపైనుంచి రబ్బరుపలకతో సిరాను లాగినచో, తెరచుకొన్న రంధ్రములగుండ సిరా దిగి బొమ్మ పడును. దీనినే స్క్రీన్ ప్రింటింగు అందురు. 1907వ సంవత్సరమున మాంచెస్టరు వాసియగు శామ్యూల్ సైమను ఇంగ్లండులో నిట్టి పద్ధతికి పేటెంటు పొందెను. నాడు వలకు పట్టు వాడుచుండిరి. నేడు పాలియెస్టరు వాడుచున్నారు.

రంగునకొక్కొక్క తెర కావలెను గనుక, నాలుగు రంగుల బొమ్మకు నాలుగు తెరల కూలి యగును. నల్లచొక్కాపై రంగులు తేటగా కనబడవలెనన్న, మొదట తెల్లసిరా యడుగుపూత వేయవలెను. అదియొక తెర. కావున చేతిలో ధనము తక్కువగా గలవారు ఒకటి రెండు రంగులతోనే యందము సాధించుట నేర్వవలెను. ప్లాస్టిసాల్ అను సిరా సుమారు 160 సెంటిగ్రేడు డిగ్రీల వేడికి గాని పక్వము కాదు. వేడి చాలనిచో చేతికి ఆరినట్లేయుండి, కొన్ని ఉతుకులకు పగిలి రాలును. పదియో పదునైదో చొక్కాలు మాత్రమే కావలసినచో తెరలు గిట్టవు. అప్పుడు బొమ్మను ప్రత్యేకమగు ఫిల్ముపై ముద్రించి, జిగురుపొడి చల్లి, వేడియంత్రముతో చొక్కాపై నొత్తు డీటీఎఫ్ అను పద్ధతి మేలు. దానికి రంగుల లెక్క లేదు. కాని పెద్ద బొమ్మయైనచో రొమ్ముపై పట్టీ యంటించినట్లు గాలి యాడకుండును.

మేము స్వయముగా అద్దుట లేదు. బొమ్మ మాది, అద్దకము విజయవాడలో నొకరిది, చొక్కాలు తమిళదేశమందలి తిరుప్పూరువి. అల్లిక వస్త్రములకా యూరు ప్రసిద్ధికెక్కినది. వస్త్రపు దళసరిని చదరపు మీటరు బరువునుబట్టి చెప్పుదురు. 180 గ్రాములదియైనచో మా యెండలకు ఓర్చుకొనదగియు, బొమ్మను మోయదగియు నుండును. బయోవాష్ అనగా ఎంజైములతో నూగు తీసిన బట్ట. అది చేతికి నున్నగానుండును, త్వరగా ఉండలు కట్టదు. వర్తకుడేమి చెప్పినను, నమూనాను తెప్పించి కొలిచి, మూడుమారులుతికి, యెండబెట్టి, మరల కొలువక మేము కొనము. మొదటి దఫాలో ఈ జాగ్రత్త లేక, పొడవున రెండంగుళములు కుదించుకుపోయిన చొక్కాలు మా పిల్లలకే మిగిలినవి.

కొలతలును మోసపుచ్చునవే. చిన్న, నడిమి, పెద్ద, మిక్కిలి పెద్ద సైజులను 1, 2, 2, 1 పాలున తెప్పించుట వర్తకుల వాడుక. ఆ లెక్కనే మేమును తెప్పించితిమి. నడిమివియు పెద్దవియు నెలలోనే చెల్లినవి. చిన్నవి రెండేండ్లు బీరువాలోనుండెను. బీరువాలోని చొక్కా నిద్రించుచున్న ధనమని గ్రహించినది మొదలు, ముందుగా బొమ్మను ఫోనుద్వారా చూపి, కోరినవారి కొలతలు వ్రాసికొని, సగము రొక్కము పుచ్చుకొనిన పిదపనే తెప్పించుచున్నాము.

ధర నిర్ణయించుటయం దాడువారము చేయు తప్పొకటి గలదు: మన శ్రమను లెక్కింపము. మేమును లెక్కింపలేదు. చొక్కా 190, అద్దకము 55, వెరసి 245 రూపాయలు. 300కు అమ్మినచో 55 లాభమని మురిసితిమి. సంచికిని, మెడపట్టీకిని, టపాకును 35, చెడిపోవువాటి నిమిత్తము 10 చేర్చి చూడగా 290 అయినది. లాభము పది రూపాయలు! బొమ్మ గీయుటకు మూడు మధ్యాహ్నములు పట్టెను గదా, వాని కూలి యెవరిత్తురు? అటుపై విడిగా 399కిని, మొత్తముగా కొనువారికి 350కిని అమ్ముచున్నాము. పన్ను సంగతి తెలిసినవారి నడుగవలెను. 2025 సెప్టెంబరు 22 మొదలు 2,500 రూపాయలకు మించని వస్త్రముపై జీఎస్టీ నూటికి 5 అయినది. మన అమ్మకమునుబట్టి దానిలో నమోదు కావలెనో వలదో ఆడిటరు చెప్పగలడు.

తరచుగా మమ్ము కోరునది సినిమానటుల బొమ్మలు, వారి డైలాగులు. ఇతరులమ్ముచున్నారు గదాయని వాదింతురు. ఇతరులు దొడ్డిదారిని పోయినచో మనకది బాటయగునా? 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి కవి జీవితకాలమును, ఆపై 60 ఏండ్లును రచనపై హక్కుండును. 1915లో గతించిన గురజాడవారు తమ జీవితకాలమున ప్రకటించిన గేయములు నేడందరివి. 1983లో గతించిన శ్రీశ్రీ రచనలపై 2043 తుదివరకు హక్కు గలదు, అనుమతిలేక ముద్రింపరాదు. మన బొమ్మనుగూర్చియు నెరుగవలసినదొకటి గలదు. డిజైనుల చట్టముక్రింద నమోదు చేయదగిన డిజైనును నమోదు చేయక, యంత్రసాధనమున దానిని 50 మారులకు మించి ముద్రించినచో, దానిపై కాపీరైటు పోవునని అదే చట్టము చెప్పుచున్నది. ఏ బొమ్మ యట్టిదగునో న్యాయవాదులే వాదించుకొందురు. కావున మిగుల చెల్లుబాటగు బొమ్మను గూర్చి ముందుగనే సలహా పొందుట మేలు.

ఇక మాకు గలిగిన యాపద. కిందటి సంక్రాంతికి ముందు ఒక గ్రామపు పాఠశాల పూర్వవిద్యార్థులు 120 చొక్కాలు కోరిరి. మొత్తము 42,000 రూపాయలు. అంతకుముందెన్నడు నంత పని మాకు రాలేదు. వారికి తెలుగు చెప్పిన వృద్ధ ఉపాధ్యాయులను సన్మానించు సభ యది. “పూర్వవిద్యార్థి సమ్మేళనము” అను మాటలును, బడిముందటి వేపచెట్టు బొమ్మయు వేసి పంపితిమి. ముద్రాపకుడు నమూనా ఛాయాచిత్రమును ఫోనుకు పంపెను. పొయ్యిమీద పోపు వేగుచుండగా నొకసారి చూచి, బాగున్నదని బదులిచ్చితిమి.

సభకింక నారు దినములుండగా మూటలు వచ్చినవి. విప్పి లెక్కించుచుండగా మా అత్తగారు ఒక చొక్కాను చేతబట్టి, కండ్లజోడు సవరించుకొని చదువబోయి యాగిరి. “అమ్మాయీ, ఈ అక్షరములు విడిపోయినవేమి? ‘పూర్’ ఒకచోట, ‘వ’ ఒకచోట. దీనిని తెలుగందురా?” అనిరి. చూచితిమి. వత్తులు వత్తులుగా లేవు. “పూర్ వ విద్ యార్ థి” యని యున్నది. 120 చొక్కాలపైనను నట్లే యున్నది.

కారణము తరువాత తెలిసినది. ముద్రాపకుని కంప్యూటరులోని బొమ్మల సాఫ్టువేరు తెలుగు వత్తులను కూర్పనేరదు. మేము అక్షరములను అక్షరములుగానే పంపితిమి. వానిని ముందుగా కర్వులుగా, అనగా గీతల బొమ్మలుగా మార్చి పంపియున్నచో చెడియుండెడివి కావు. ఈ సంగతి మాకప్పటికి తెలియదు.

ఆ సాయంకాలము పూర్వవిద్యార్థులలో నొకరికి ఫోనుచేసి జరిగినది చెప్పితిమి. ఆయన దయగలవాడు. “పోనిండమ్మా, అంత పరకాయించి చూచువారెవరు? పంపివేయుడు” అనెను. ఆ మాట విన్న క్షణమున మనస్సు తేలికపడినదని యొప్పుకొనవలెను. పంపివేసినచో 12,600 మిగులును. మరల చేయించినచో పెట్టుబడియే కరగును. దోషము ముద్రాపకునిదని తగవులాడవచ్చును గాని, బాగున్నదని బదులిచ్చినది మేమే గదా. మావారి నడుగగా, “వర్తకము మీది, నిర్ణయమును మీదే” అని పత్రిక చదువుకొనసాగిరి. అప్పుడు కోపము వచ్చినది. తరువాత నదియే గౌరవమని తోచినది.

రాత్రి మాకు నిద్ర పట్టలేదు. జీవితమంతయు పిల్లలచే వత్తులు దిద్దించిన యొక వృద్ధుడు వేదికపై కూర్చుండును. ఆయన యెదుట 120 మంది శిష్యులు విరిగిన యక్షరములను రొమ్మున ధరించి నిలువబడుదురు. ఆయన యేమియు ననకపోవచ్చును, కాని చూడకపోడు. తెల్లవారినంతనే విజయవాడకు బస్సెక్కితిమి. తిరుప్పూరునుండి తెప్పించుటకు వ్యవధి లేకుండుటచే అచటనే టోకున చొక్కా 210 చొప్పున 120 కొంటిమి. ముద్రాపకుడు మర్యాదస్థుడు, సగము కూలికే మరల నద్దియిచ్చెను. తెర యొత్తుచున్నంతసేపును అచటనే నిలిచి, మొదటి చొక్కాను చేతితో తడవి తడవి చదివితిమి. సభకు ముందటి దినమున సరకు చేరినది.

లెక్క వ్రాసికొంటిమి. మొదటి దఫాకు 29,400, రెండవదానికి చొక్కాలకు 25,200, అద్దకమునకు 3,300, వెరసి 57,900. వచ్చినది 42,000. నష్టము 15,900. అది పూడుటకు అయిదు మాసములు పట్టినది. ఆ సభనుండి వెంటనే మరియొక పెద్ద పని వచ్చినదని వ్రాయగలిగిన బాగుండెడిది, రాలేదు. చెడిన చొక్కాల వెనుకభాగము శుభ్రముగా నుండుటచే దిండుగలీబులు కుట్టితిమి. మా బంధువులలో వానిపై తలపెట్టి నిద్రింపనివారు లేరు.

అయినను ఆ నష్టము మా యింట నొక నియమమును తెచ్చినది. నేడు నమూనాను ఫోనులో చూచి సమ్మతింపము. కాగితముపై నిజమగు పరిమాణమున ముద్రింపించి, బల్లపై పరచి, మొదట మేము, పిదప మా అత్తగారు చదివిన మీదటనే అద్దకమునకు పంపుచున్నాము. ఆమె వానిని బనీనులనుట మానలేదు. కాని మొన్న నొక కాగితము నామెకు చూపకయే పంపబోగా, “నేను చదువక బనీనులు గడప దాటునా?” యని కేకవేసిరి.

ఈ పని తలపెట్టు సోదరీమణులు పది చొక్కాలతో నారంభింపుడు; అప్పు చేయవలదు; మీ కూలిని ధరలో చేర్పుడు; పరుల బొమ్మను ముట్టవలదు. తెలుగు వ్రాతను కర్వులుగా మార్చి పంపుడు. నమూనా వచ్చినప్పుడు పొయ్యి నార్పి చూడుడు.