చేయి తిరగడానికి సెన్సర్ సాయం: అపోహలు – వాస్తవాలు

పంటి గారను చేత్తో తీసే పనిముట్లలో ముఖ్యమైనది క్యూరెట్. దాన్ని పెన్ను పట్టినట్టే పడతారు గానీ చిన్న తేడా ఉంది: నడిమి వేలి కొస పనిముట్టు మెడ మీద ఆనుతుంది, ఉంగరపు వేలు పక్క పంటి మీద ఊతంగా నిలుస్తుంది. ఆ ఊతం మీద మణికట్టు, ముంజేయి కలిసి తిరిగితేనే బ్లేడు గారను పెకలిస్తుంది. వేళ్లను మాత్రమే ఆడిస్తే బలం చాలదు, కాసేపటికే చేయి లాగేస్తుంది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే దంతవైద్యుడు 1913లో డెంటల్ హైజినిస్టుల బడి తెరిచిన నాటి నుంచి ఈ చేతిపనిని గురువు పక్కన నిలబడి, చూసి, సరిదిద్దుతూనే నేర్పుతున్నారు. ఇప్పుడు దానికి తోడుగా పనిముట్టు పిడికో, విద్యార్థి చేతికో కదలికల సెన్సర్ తగిలించి, చేయి ఎలా కదిలిందో తెర మీద గీతలుగా చూపే పద్ధతి వచ్చింది. దాని చేతకాని పనులు కూడా అది చేస్తుందని నమ్మేవారున్నారు, చేయగలిగిన పనిని కూడా కొట్టిపారేసేవారూ ఉన్నారు.

అపోహ: బ్లేడు పంటి మీద సరిగ్గా ఎక్కడుందో సెన్సర్ చెప్పేస్తుంది.

వాస్తవం: ఎక్కువగా వాడే సెన్సర్లు, ఫోన్‌ను అడ్డంగా తిప్పగానే తెరను కూడా తిప్పే రకానివే. కొన్ని మిల్లీమీటర్ల చిప్‌లో త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్, తిరిగే వేగాన్ని కొలిచే గైరోస్కోప్ ఉంటాయి. కొన్నిటిలో దిక్కు తెలిపే మాగ్నెటోమీటర్ కూడా ఉంటుంది. పనిముట్టు ఎంత వాలింది, ఎంత జోరుగా తిరిగింది అన్నది వీటితో బాగానే తెలుస్తుంది. ఎక్కడుందో తెలియాలంటే మాత్రం త్వరణం నుంచి వేగాన్ని, వేగం నుంచి దూరాన్ని లెక్కగట్టాలి. అక్కడే చిక్కు. త్వరణం కొలతలో 0.01 మీ/సె² పొరపాటు నిలకడగా ఉంటే, 10 సెకన్లలో స్థానం అర మీటరు తప్పిపోతుంది. మిల్లీమీటరు కూడా లెక్కలోకి వచ్చే పనిలో అర మీటరు! పైగా చుట్టూ ఉన్న ఇనుము, స్టీలు మాగ్నెటోమీటర్‌ను పెడదారి పట్టిస్తాయి. స్థానమే కావాలంటే పనిముట్టు కదలికను కెమెరాలతో వెంటాడే పద్ధతి ఉంది. డెంట్‌సిమ్ అనే శిక్షణ యంత్రం అలాంటిదే. చేయి అడ్డొస్తే కెమెరాకు పనిముట్టు కనబడకపోవడం దాని ఇబ్బంది.

అపోహ: పిడి వాలు తెలిస్తే బ్లేడు కోణం తెలిసినట్టే.

వాస్తవం: ఈ పనికి కోణమే ప్రాణం, అందుకే ఈ పొరపాటు ఖరీదైనది. చిగురు కిందికి దించేటప్పుడు బ్లేడు ముఖం పంటికి దాదాపు ఆనుకుని, 0 నుంచి 40 డిగ్రీల లోపు ఉండాలి. గార అడుగుకు చేరాక పిడిని కొద్దిగా తిప్పి, కోణాన్ని 45 దాటించి 90కి లోపల నిలపాలి. 60–80 మధ్య ఉంటే మేలు. 90 దాటితే అంచు చిగురు లోపలి పొరను గీరుతుంది. 45కి తగ్గితే బ్లేడు గారను కొరకదు, దాని మీద జారిపోతూ పైభాగాన్ని నున్నగా రుద్దుతుంది. అలా నున్నబడిన గార మహా మొండిది. తడిమి చూసే ఎక్స్‌ప్లోరర్ కొసకు అది తగలనే తగలదు, పన్ను శుభ్రపడిందనే అనిపిస్తుంది. విద్యార్థి తృప్తిగా తర్వాతి పంటికి వెళ్లిపోతాడు.

సెన్సర్ కొలిచేది ఈ కోణం కాదు. భూమి ఆకర్షణ దిశతో పోల్చి పిడి ఎంత వాలిందో అది కొలుస్తుంది. అక్కణ్నుంచి బ్లేడుకు రావాలంటే ముందు పనిముట్టు ఆకారం తెలియాలి. గ్రేసీ అనే రకం క్యూరెట్లలో బ్లేడు ముఖం మెడ చివరి భాగానికి 60–70 డిగ్రీల వాలులో ఉంటుంది. ఆ చివరి భాగాన్ని పంటికి సమాంతరంగా పెడితే కోణం దానంతటదే కుదురుతుంది. అయితే వెనక పళ్ల ముందు పక్కకు వాడే 11/12 నంబరు మెడ వంపులు వేరు, వెనక పక్కకు వాడే 13/14 వంపులు వేరు. అందుకని ఏ పనిముట్టుకు ఆ పనిముట్టే విడిగా సరిచూసుకోవాలి. ఇక పన్ను సంగతి. సాధనకు వాడే బొమ్మ తల కాస్త పక్కకు తిరిగినా పాత లెక్క చెల్లదు, కాబట్టి దవడకు కూడా ఒక సెన్సర్ పెట్టి రెంటి తేడా చూడాలి. పిడికి ఒకే సెన్సర్ తగిలించి బ్లేడు కోణం చూపిస్తామనే ఏర్పాటును అనుమానించడమే మంచిది.

అపోహ: తెర మీద గీత నున్నగా వస్తే చేయి తిరిగినట్టే.

వాస్తవం: నిపుణుల చేతుల్లో అనవసరపు కదలికలు తక్కువన్నది నిజమే. శస్త్రవైద్యుల చేతుల వెనక సెన్సర్లు పెట్టి కదలికల సంఖ్య, చేయి తిరిగిన దూరం, పట్టిన సమయం లెక్కించే పరికరాన్ని లండన్ ఇంపీరియల్ కాలేజీ ముందే తయారు చేసింది. ఆ కొలతలను గార తీతకు ఉన్నదున్నట్టు తెస్తేనే ఇబ్బంది. గారను వెతికే ఎక్స్‌ప్లోరర్ పట్టు తేలిక, కదలిక సాఫీ. గారను పెకలించే దెబ్బ పొట్టిది, గట్టిది. గార ఊడిన క్షణంలో సెన్సర్ గీత ఒక్కసారిగా ఎగురుతుంది. అది తప్పు కాదు, పని జరిగిందనడానికి గుర్తు. ఎంత నిలకడైన చేతిలోనైనా సెకనుకు 8–12 సార్లు సన్నని వణుకు సహజంగా ఉంటుంది. దాన్ని వడగట్టకుండా మార్కులు కోయడం అన్యాయం.

బ్లేడును పంటికి ఎంత బలంగా అదిమారో కూడా ఈ సెన్సర్‌కు తెలియదు. దానికి పిడిలో ఒత్తిడిని కొలిచే ఏర్పాటు వేరే ఉండాలి. అదే కదలికను పన్ను లేకుండా గాలిలో చేసి చూపించినా గీత దాదాపు అలాగే వస్తుంది! అందుకే టైపోడాంట్ అనే నమూనా దవడ పళ్లకు పూసిన కృత్రిమ గారలో ఎంత మిగిలిందో తడిమి చూడటాన్ని ఏ అంకే మాన్పించలేదు.

అపోహ: తప్పు చేసిన ప్రతిసారీ బీప్ మోగితే త్వరగా పట్టుబడుతుంది.

వాస్తవం: మోగినంతసేపూ పట్టుబడినట్టే ఉంటుంది. సాల్మొనీ, ష్మిట్, వాల్టర్ 1984లో కదలికల అభ్యాసం మీద వచ్చిన ప్రయోగాలను సమీక్షించి దీన్ని విడమరిచారు. ప్రతి ప్రయత్నానికీ ఫలితం చెబుతుంటే సాధన సమయంలో పని మెరుగ్గా సాగుతుంది. చెప్పడం ఆపేశాక పరీక్షిస్తే మాత్రం ఆ మెరుగు నిలవదు. చెప్పేవారి మీద ఆధారపడిన చేయి తన స్పర్శను తాను వినడం మానేస్తుంది. పట్టు, ఊతం కుదిరే తొలి రోజుల్లో బీప్ పనికొస్తుంది. ఆ తర్వాత నోటిలో ఒక పావు భాగం పూర్తయ్యాకే గీతలు చూపించి, చివరికి తెర మూసేయడం నయం. పనిచేస్తుండగా తెర చూడాలంటే కళ్లు పంటిని వదలాలన్నది మరో చిక్కు.

అపోహ: ఇక గురువుతో పనిలేదు.

వాస్తవం: మణికట్టు తిరగడం లేదని సెన్సర్ చెబుతుంది. ఎందుకు తిరగడం లేదో చెప్పదు. కుర్చీ మరీ ఎత్తుగా ఉండొచ్చు, మోచేయి పైకి లేచి ఉండొచ్చు, ఊతపు వేలు పనిచేసే పంటికి దూరంగా ఉండొచ్చు. అది చూసి పట్టుకునేది గురువే. ఆయనకూ ఇందులో లాభముంది: ఒకే విద్యార్థి చేతికి ఇద్దరు గురువులు వేర్వేరు మార్కులు వేసినప్పుడు, ఇద్దరూ కలిసి చూసి మాట్లాడుకోవడానికి ఒక ఆధారం దొరుకుతుంది.

అపోహ: సెన్సర్ ఉపయోగం చేతి వరకే పరిమితం.

వాస్తవం: ఈ వృత్తిలో మెడ, భుజం, మణికట్టు నొప్పులు సర్వసాధారణం. తల వెనక, వీపు మీద సెన్సర్లు పెడితే పనిలో పడి విద్యార్థి ఎంతసేపు మెడ వంచాడో తెలుస్తుంది. అద్దంలో చూసి చేయాల్సిన పంటిని నేరుగా చూడాలని ఒరిగే అలవాటు ఇలాగే బయటపడుతుంది. సెన్సర్ బరువు మాటకొస్తే, 10 మి.మీ. లావుతో 15 గ్రాములకు మించని పిడి చేతి కండరాలకు తేలికని ప్రయోగాల్లో తేలింది. బ్యాటరీతో సహా పిడి మీద ఎక్కించే ప్రతి గ్రామూ ఆ మేలును తినేస్తుంది. చిప్‌ను చేతి వెనకకు మారిస్తే బరువు తగ్గుతుంది గానీ వేళ్ల మధ్య పిడి ఎలా తిరిగిందో కనబడదు.

అపోహ: అల్ట్రాసోనిక్ స్కేలర్ ఉండగా చేతి విద్య ఎందుకు?

వాస్తవం: పళ్ల గార తీసి, శుభ్రపరిచి, మెరుగుపెట్టే వ్యక్తిగా డెంటల్ హైజినిస్టును మన దేశంలో 1948 నాటి దంతవైద్యుల చట్టమే నిర్వచించింది. మన క్లినిక్కుల్లో స్కేలింగ్ అనగానే కళ్ల ముందుకు వచ్చేది మాత్రం నీళ్లు చిమ్ముతూ గుయ్యిమనే యంత్రమే. దాని కొనను పంటికి దాదాపు సమాంతరంగా, తేలికగా తాకిస్తూ, ఒకచోట ఆపకుండా కదిలిస్తుండాలి. కొసను పంటికి గుచ్చినట్టు నిలిపితే పంటి వేరుకు గాట్లు పడతాయి. కోణం, ఒత్తిడి, ఊతం ఇక్కడా తప్పవు, వాటి కొలతలు మారతాయంతే.

అపోహ: బొమ్మ తల మీద నేర్చిన చేతికి రోగి నోట్లోనూ ఇదే సెన్సర్ తోడుంటుంది.

వాస్తవం: రోగి నోట్లో వాడిన పనిముట్టు ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల సెల్సియస్ ఆవిరికి తట్టుకోవాలి. మామూలు బ్యాటరీ, చిప్ తట్టుకోవు. ఊడదీసి పెట్టుకునేలా చేసినా, దాని మీద తొడుగు వేసి ప్రతి రోగికీ మార్చాలి. తీసి బిగించినప్పుడల్లా కోణాన్ని మళ్లీ సరిచూసుకోవాలి. దవడకు పెట్టాల్సిన రెండో సెన్సర్ రోగికి మరింత అసౌకర్యం. అందువల్ల దీని వాడకం చాలావరకు బొమ్మ తల దగ్గరే ఆగుతుంది. లాలాజలం, అడ్డొచ్చే నాలుక, చెప్పకుండా మూసుకునే నోరు అక్కడ ఉండవు. వాటిని సంభాళించడం ఇప్పటికీ గురువు ఎదుట, రోగి కుర్చీ పక్కన నేర్చుకోవాల్సిందే.