మీకు తెలుసా? డప్పుకు నిప్పు, మృదంగానికి నీళ్లు

లాలాపేట్‌లో ఆషాఢ బోనాలు కదలాలంటే డప్పు మోగాల్సిందే. పక్కనే ఉన్న ఉస్మానియా క్యాంపస్‌లో తెలంగాణ ఉద్యమ సభలకూ అదే ఊపునిచ్చింది.

● కొట్టే ముందు డప్పును మంట దగ్గర కాస్తారు. చెమ్మ పోయి తోలు బిగుస్తుంది, మోత ఖంగుమంటుంది.

● కుడిచేతిలో లావుపాటి ‘సిర్ర’, ఎడమచేతిలో సన్నటి ‘సిటికెన పుల్ల’. సిర్ర అసలు దెబ్బ వేస్తే, పుల్ల నడుమ ఖాళీలను నింపుతుంది.

● మృదంగానిది వేరే దారి. ఎడమవైపు తోలును తడిపి, రవ్వ ముద్ద అంటిస్తారు. దాంతో నాదం గంభీరమవుతుంది.

● మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతికి 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

● కొత్తగా నేర్చుకుంటున్నారా? దరువును ముందు నోటితో పలకండి. మణికట్టు వదులుగా ఉంచండి. లయ కుదిరాకే వేగం పెంచండి.