మింగే బిళ్ల నరంలోకి పోతే

బిళ్ల మింగడానికి చేసింది. సూదిమందు పొడవడానికి చేసింది. రెండూ మందులే. కాని రెండింటి దారి వేరు. కొందరు మత్తు కోసం బిళ్లను నలగ్గొట్టి, నీళ్లలో కలిపి నరానికి ఎక్కించుకుంటారు. అలా చేస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. ఎలా పాడవుతాయో చూద్దాం.

ముందు బిళ్ల సంగతి. బిళ్లంతా మందే అనుకుంటాం. కాదు. కొన్ని మందులు ఆవగింజ బరువు ఉంటే చాలు. అంత చిన్నది చేతికి దొరకదు. అందుకే దానిలో వేరే పొడులు కలిపి బిళ్లగా అచ్చు వేస్తారు. మొక్కజొన్న పిండి, చెట్ల పీచు పొడి, మెత్తని రాతి పొడి కలుపుతారు. ఈ రాయి మనకు కొత్తది కాదు. అక్షరాలు దిద్దిన బలపం రాయే. మొహానికి రాసుకునే పౌడరులోనూ అదే ఉంటుంది. దీన్ని టాల్క్ అంటారు. రొట్టె పీటకి అంటకుండా పిండి చల్లుతారు కదా! బిళ్ల యంత్రానికి అంటకుండా ఈ పొడి వేస్తారు.

మింగితే ఈ పొడులతో ఇబ్బంది లేదు. మందు కరిగి రక్తంలోకి పోతుంది. పిండి అరుగుతుంది. రాతి పొడి, పీచు పొడి పేగుల్లోంచి బయటికి పోతాయి. పొట్టకి పిప్పిని బయటికి పంపడం తెలుసు.

నరానికి అది తెలియదు. అక్కడ పిప్పి పోయే దారే లేదు.

"నీళ్లలో బాగా కలిపాం, దూదిలో వడకట్టాం, ఏం కాదు" అంటారు అలవాటు ఉన్నవాళ్లు. రాతి పొడి నీళ్లలో ఎంత కలిపినా కరగదు. కంటికి కనిపించని నలకలు దూదిలో ఆగవు. పైగా దూది పోగులు కూడా లోపలికి పోతాయి.

చేతి నరంలో పడ్డ నలక ఎక్కడికి పోతుంది? రక్తంతోపాటు ముందు గుండెకి పోతుంది. గుండె దాన్ని ఊపిరితిత్తుల్లోకి తోస్తుంది. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువ, పిల్ల కాలువ నుంచి బోదె. ఊపిరితిత్తుల్లో రక్తం దారి కూడా అలాగే సన్నబడుతుంది. చివరి నాళాలు తలవెంట్రుక లావులో పదో వంతు ఉంటాయి. రక్తం గాలిని అందుకునేది అక్కడే. నలక ఇరుక్కునేదీ అక్కడే. తూములో చెత్త అడ్డం పడ్డట్టు అవుతుంది. సూది వేసుకున్న ప్రతిసారీ మరికొన్ని నలకలు చేరతాయి.

కాలిలో ముల్లు విరిగి లోపల ఉండిపోతే ఏమవుతుంది? చుట్టూ కండ గట్టిపడి బొడిపె కడుతుంది. ఊపిరితిత్తిలోనూ ప్రతి నలక చుట్టూ చిన్న బొడిపె కడుతుంది. బొడిపెలు కలిసి మచ్చలాగా గట్టిపడతాయి. 'తిత్తి' అనే మాట ఊరికే రాలేదు. కొలిమి తిత్తిలాగా అది ఉబ్బాలి, ముడవాలి. తోలు బిగుసుకుపోతే తిత్తి ఆడుతుందా? అప్పుడు రక్తాన్ని తోయలేక గుండెకి కష్టమవుతుంది. గుండె కుడివైపు ఉబ్బుతుంది. కాళ్లకి నీరు దిగుతుంది.

అమెరికాలో ఇది చాలామందికి జరిగింది. 1970ల చివరలో చికాగో, సెయింట్ లూయిస్ లాంటి పట్నాల్లో హెరాయిన్ అనే మత్తుమందుకి బదులు రెండు బిళ్లలు కలిపి ఎక్కించుకునేవాళ్లు. ఒకటి నొప్పులకి వాడే పెంటాజోసిన్ బిళ్ల. రెండోది జలుబు, దురదలకి వాడే నీలం బిళ్ల. రెండూ మింగడానికి చేసినవే. అలా ఎక్కించుకున్నవాళ్ల ఊపిరితిత్తుల్లో డాక్టర్లకి రాతి పొడి కనిపించింది. 1983లో ఆ నొప్పుల బిళ్లలో నాలోక్సోన్ అనే మందు కలిపారు. మింగితే అది దాదాపు ఏమీ చేయదు. నరానికి ఎక్కిస్తే మత్తు రానీయదు. మంచి ఉపాయమే. కాని పొడులు లేకుండా బిళ్ల తయారు కాదు కదా!

మన దేశంలో మత్తు అలవాటు మాన్పించడానికి ఇచ్చే బుప్రెనార్ఫిన్ బిళ్లలో కూడా నాలోక్సోన్ కలుపుతారు. దాన్ని నాలుక కింద పెట్టుకోవాలి. దాన్నీ నలిపి సూదిలో ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు.

ఈ జబ్బు మొదట్లో తెలియదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. పొడి దగ్గు వస్తుంది. తర్వాత నాలుగు అడుగులు వేసినా రొప్పు వస్తుంది. సూది మానేసిన కొన్నేళ్లకి కూడా జబ్బు ముదరవచ్చు. ఇరుక్కున్న పొడిని కరిగించే మందు లేదు. అయినా మానడం వృథా కాదు. మానితే కొత్త పొడి చేరదు. ఒకరి సూది ఒకరు వాడితే వచ్చే ఎయిడ్స్, కామెర్ల భయమూ ఉండదు.

ఇంకో చిక్కు ఉంది. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తుల నిండా కొర్రగింజలు చల్లినట్టు చుక్కలు కనిపిస్తాయి. ఒక రకం క్షయలోనూ అలాగే కనిపిస్తాయి. సూది సంగతి దాచిపెడితే డాక్టరు క్షయ అనుకుని మందులు రాయవచ్చు. నెలల తరబడి ఆ మందులు మింగినా ఆయాసం తగ్గదు. కొడుకు పరువు పోతుందని తల్లి, భర్త తిడతాడని భార్య ఈ మాట దాస్తారు. డాక్టరుకి ఒక్కడికైనా చెప్పాలి. ఏ బిళ్ల, ఎన్నాళ్లు, ఎప్పుడు మానాడు, ఇవి చెబితే చాలు. ఖాళీ బిళ్లల అట్ట ఇంట్లో దొరికితే అది కూడా పట్టుకుపోవాలి.

అలవాటు మాన్పించడానికి ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14446 నంబరుకి ఫోన్ చేయవచ్చు. అది ప్రభుత్వం నంబరు. ఫోనుకి డబ్బు పడదు.