పాత సరకుపెట్టెల పునరుద్ధరణము

రైలుబండి యనగానే మన కన్నులకు గట్టునది యింజను. దాని వెనుక వచ్చు సరకుపెట్టెలను లెక్కపెట్టుట బాలురకు వేడుకయే గాని, అవి యెట్లు నిర్మింపబడినవో తెలిసికొన గోరువారు తక్కువ. అయినను తొలినాటి రైలుమార్గములలో ననేకములు సరకుల కొఱకే పుట్టినవి. వేల్సు దేశమందలి ఫెస్టీనియాగ్ మార్గ మిందుకు నిదర్శనము. కొండలలోని పలకరాళ్లను రేవునకు జేర్చుటకై యది 1836 లో దెఱవబడెను. నిండుపెట్టెలు తమ బరువుచేతనే యేటవాలున దిగివచ్చుచుండెను. ఖాళీపెట్టెలను గుఱ్ఱములు పైకి లాగుచుండెను. దిగునపుడు గుఱ్ఱములును ఒక పెట్టెలో నిలిచి ప్రయాణము చేయుచుండెను! 1946 లో మూతపడిన యా మార్గమును స్వచ్ఛంద సేవకులు 1955 లో మరల నడుపసాగిరి. వారు బాగుచేసిన పలకరాళ్ల పెట్టెలు నేటికిని విశేషదినములందు ఇంజను లేకయే కొండ దిగుచుండును.

బ్రిటనులో బొగ్గు మోయు కఱ్ఱపెట్టెలు లక్షలకొలది యుండెను. వానిలో ననేకములు గనుల యజమానులవి, బొగ్గువర్తకులవి. ప్రక్కపలకలపై యజమాని పేరు పెద్ద యక్షరములతో వ్రాయబడి యుండెడిది. 1939 లో యుద్ధము రాగా ప్రభుత్వము వానిని ఉమ్మడి వాడుకలోనికి దెచ్చెను. 1948 లో రైల్వేలు జాతీయము చేయబడెను. తరువాత ఉక్కుపెట్టెలు ప్రబలుటచే కఱ్ఱపెట్టెలు దాదాపుగా నన్నియు నశించెను. మిగిలిన కొలదిపాటివే నేడు సేవకుల పోషణలో నున్నవి.

అట్టి పెట్టెకు రెండిరుసులు, నాలుగు చక్రములు నుండును. ఇరుసుల కొనలపై నమర్చిన ఉక్కు కమానులు బరువును మోయును. రెండు కొసలను బలమైన యడ్డదూలములు, వానికి బఫర్లు గలవు. పెట్టెకును పెట్టెకును నడుమ మూడు లంకెల గొలుసు మాత్రమే యుండును. ఇంజనునుండి పెట్టెలకు బ్రేకు సంబంధము లేదు. కావున నిటారైన పల్లము దిగుటకు ముందు బండి నాపి, కొన్ని పెట్టెల ప్రక్కనున్న మీటలను చేతితో బిగించుచుండిరి. తుదనున్న గార్డు తన బ్రేకుతో గొలుసులు తెగకుండ గాపాడుచుండెను. ఎందఱో శ్రామికుల ప్రాణము లీ మీటలపై నాధారపడి యుండెను.

ఇక బాగుచేయు విధము. వాననీరు ఇనుపపట్టీల వెనుకను, అతుకులలోను నిలిచి కఱ్ఱను లోలోపల కుళ్లించును. పైకి రంగు చక్కగా నున్నను లోన గట్టితన ముండదు. కావున మొదట కొలతలను, ఛాయాచిత్రములను దీసికొని, విప్పిన ప్రతి పలకకును సంఖ్య వేయుదురు. పుచ్చిన దూలమును బాఱవేయక, దానినే మాదిరిగా నుంచుకొని క్రొత్తదానిని జెక్కుదురు. చక్రములలో పగుళ్లు గలవేమో పరీక్షింతురు. ఇరుసులకు గ్రీజో చమురో తగినంత యుంచుదురు. అది లేనిచో ఇరుసు కాగి విఱుగవచ్చును. రంగుపొరలను మెల్లగా గోకునపుడు ఒక్కొకప్పుడు పాత యజమాని పేరు బయటపడును. ఏ గ్రంథమునను లేని చరిత్ర యట్లు లభించును.

ఇచ్చట నొక ధర్మసందేహము కలదు. పలకలన్నిటిని మార్చినచో నది పాతపెట్టెయే యగునా? మార్చకున్నచో నది నడచునా? నడువవలసిన పెట్టెకు బలము ముఖ్యము; చూపుటకు మాత్రమే యుంచు పెట్టెకు పాతకఱ్ఱ ముఖ్యము. దేనిని మార్చినదియు వ్రాసి యుంచుట రెంటికిని మధ్యమార్గము. ఇంకొక చిక్కు ధనము. ఇంజనును జూడ జనులు వత్తురు, విరాళము లిత్తురు. సరకుపెట్టెకై వచ్చువా రరుదు. అందుచేత ననేకములు వానలో నిలిచి, తమ వంతు రాకమునుపే శిథిలములగుచున్నవి. వాని సేవ చేయువారికి కీర్తి తక్కువ, ఓర్పు మెండు.

ఇది పెద్దలకే తగిన పని యని తలపరాదు. గ్రేట్ వెస్టర్న్ రైల్వేవారి చిన్న యింజను నొకదానిని, ప్రయాణికుల పెట్టె నొకదానిని గాపాడగోరి, 1961 లో నలుగురు పాఠశాల బాలురు ఒక సంఘమును స్థాపించిరి. అదియే గ్రేట్ వెస్టర్న్ సొసైటీ. డిడ్కాట్ పట్టణమందలి దాని కేంద్రమున నేడు సరకుపెట్టెలును గలవు. తంతివార్తలలో మాటలు తగ్గించుటకై ఆ రైల్వేవారు ఒక్కొక్క విధమగు పెట్టె కొక్కొక్క పేరు పెట్టిరి. గార్డుబండి పేరు ‘టోడ్’, అనగా గోదురుకప్ప. బరువైన యంత్రములను మోయు పల్లపుబండి పేరు ‘క్రోకడైల్’, అనగా మొసలి!

బాలబాలికలారా! విజయవాడలోగాని కాజీపేటలోగాని గూడ్సుబండి నిలిచినపుడు ప్లాటుఫారముమీదనుండియే దాని ప్రక్కలను జూడుడు. పెట్టె ఖాళీ బరువెంత, మోయదగిన బరువెంత యని యచ్చట వ్రాసియుండును. ఇంజను శక్తిని దెలుపును. సరకుపెట్టె మాత్రము ప్రజలు ఏమి తినిరో, ఏమి కాల్చిరో, ఏమి కట్టుకొనిరో తెలుపును. దానిని గాపాడువారు సామాన్యుల చరిత్రను గాపాడుచున్నారు.